పేరుకున్న తేనె మీద నింద

సీసాలో తేనె అడుగున తెల్లగా పేరుకుందంటే మన ఇళ్ళల్లో వచ్చే మొదటి మాట "పంచదార పాకం కలిపేశాడు" అని. రెండో మాట ఉండదు. నెయ్యి పూసకడితే ఎంత బాగా కాచావే అని మెచ్చుకుంటాం. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడితే అసలైన నూనె అని నలుగురికీ చెబుతాం. అదే తేనె గడ్డకడితే మాత్రం అమ్మినవాడు దొంగ, కొన్నవాళ్ళం వెర్రివాళ్ళం. ఈ తీర్పు ఎప్పుడు పుట్టింది, ఎక్కడ పుట్టింది అని తీరిక దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. తేనె పేరుకోకుండా ఎలా దాచుకోవాలో చివర చెబుతాను కానీ, అది అసలు పేరుకోకూడదని మనకెవరు చెప్పారో ముందు చూద్దాం.

మన పాత వైద్య గ్రంథాల్లో తేనెకి పెద్ద పీటే వేశారు. చరక సంహిత తేనెని నాలుగు రకాలుగా చెబితే, సుశ్రుత సంహిత ఎనిమిది రకాలుగా చెప్పింది. మాక్షికం, భ్రామరం, క్షౌద్రం, పౌత్తికం అనే నాలుగూ రెండింట్లోనూ ఉన్నాయి. కొత్త తేనె ఒంటికి పుష్టి అనీ, పాతబడిన తేనె కొవ్వుని తగ్గిస్తుందనీ సుశ్రుతం తేడా చూపించింది. అంటే తేనెని పాతబడేదాకా దాచేవాళ్ళు, ఆ దాచినదానికి వేరే గుణం ఉందని నమ్మేవాళ్ళు. అంతకన్నా నాకు ఆశ్చర్యం కలిగించిన మాట ఒకటుంది, మధుశర్కర. తేనె నుంచి వచ్చే చక్కెర అని దాని అర్థం. చరకుడూ సుశ్రుతుడూ ఇద్దరూ దాన్ని చెరకు చక్కెర పక్కనే కూర్చోబెట్టి, వాంతులకీ విరేచనాలకీ పనికొస్తుందని రాశారు. తేనె పేరుకుని పలుకులు కట్టడం వాళ్ళకి తెలుసు. దానికో పేరు పెట్టుకున్నారు, మందు కింద వాడుకున్నారు. కల్తీ అని మాత్రం పారబోయలేదు.

ఇక్కడో చిన్న పక్కదారి. మధుపర్కాలు అంటే మనకి పెళ్ళిలో కట్టుకునే తెల్లటి, రంగు అంచు బట్టలు. నిజానికి మధుపర్కం అంటే పెరుగు, నెయ్యి, తేనె కలిపి వచ్చిన అతిథికీ, పెళ్ళికొడుక్కీ ఇచ్చే పదార్థం. అది ఇచ్చే వేళ పెట్టే బట్టలకి ఆ పేరు అంటుకుని, తెలుగులో చివరికి బట్టలే మిగిలాయి. అతిథి ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి తేనె ఏడాది పొడుగునా ఇంట్లో ఉండాల్సిందే. మాఘమాసపు చలిలో పెళ్ళి జరిగినప్పుడు జాడీలోంచి తీసిన తేనె ఎంత పేరుకుని ఉన్నా పెరుగులో కలిపాక ఎవరికి తెలుస్తుంది? పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే ఆచారం కూడా మనకి ఉంది. అది మాత్రం మానేయాలి. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల పసిపిల్లలకి బోట్యులిజం అనే జబ్బు వస్తుందని 1976లో గుర్తించారు. ఏడాది నిండేదాకా తేనె వద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. పేరుకున్న తేనె అయినా, పేరుకోని తేనె అయినా ఇదే మాట.

మన అడవుల తేనె సంగతి కొంచెం వేరు. నల్లమలలో చెంచులు కొండ చరియలకి వేలాడే పెద్ద తేనెపట్టుల కోసం తాళ్ళు కట్టుకుని దిగుతారు. దిగేవాడి తాడు సొంత అన్నదమ్ములు పట్టుకోరనీ, భార్య తోడబుట్టినవాడే పట్టుకుంటాడనీ చెబుతారు. తన అక్కో చెల్లెలో విధవ కాకూడదని బావమరిది తాడు వదలడట! అలా ప్రాణాలు పణంగా పెట్టి తెచ్చిన తేనెని గుడ్డలో వేసి చేత్తో పిండేవాళ్ళు. పిండినప్పుడు మైనం ముక్కలు, పుప్పొడి, ఒక్కోసారి ఈగల పిల్లలు కూడా అందులో కలుస్తాయి. కొండ తేనెలో నీటి పాలూ ఎక్కువే. అందుకని అడవి తేనెకి పేరుకోవడం కంటే పులవడం పెద్ద గండం. మూత తీయగానే నురగ పొంగి పుల్లటి వాసన కొడితే అది పులిసిన తేనె. మన పెద్దవాళ్ళు తేనెలో భయపడాల్సింది దీనికి. సొరబుర్రల్లోనూ కుండల్లోనూ మూతి బిగించి దాచడం కూడా తడి చేరకుండా చూసుకోవడానికే.

మరి పేరుకోవడం అంటే ఏమిటి? వంటింటి భాషలో చెబితే సులువు. జామూన్ల పాకం పట్టేటప్పుడు రెండు చుక్కలు నిమ్మరసం పిండుతాం కదా, పాకం మళ్ళీ పంచదారగా మారకుండా. ఆ పులుపూ వేడీ కలిసి పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరలుగా విడగొడతాయి. తేనెటీగ కూడా పువ్వుల మకరందాన్ని అలాగే విడగొడుతుంది. దానికి నిమ్మకాయ అక్కర్లేదు, దాని ఒంట్లోనే ఆ పని చేసే ఎంజైమ్ ఉంది. తర్వాత రెక్కలతో విసిరి విసిరి నీళ్ళు ఆవిరి చేస్తుంది. 1962లో అమెరికా వ్యవసాయ శాఖ 490 తేనె నమూనాలు పరీక్షించి సగటు లెక్క కట్టింది. ఫ్రక్టోజ్ 38 శాతం, గ్లూకోజ్ 31 శాతం, నీళ్ళు 17 శాతం. అంత కొద్ది నీళ్ళలో అంత చక్కెర మామూలుగా కరిగి ఉండలేదు. తేనెటీగ ఇరికించి పెట్టింది. ఫ్రక్టోజ్ సర్దుకుంటుంది కానీ గ్లూకోజ్‌కి ఓపిక తక్కువ. చలి తగిలినా, చిన్న పుప్పొడి రేణువు ఆసరా దొరికినా పలుకు కట్టి కూర్చుంటుంది. తేనె పేరుకోవడం అంటే ఇంతే.

ఏ పువ్వు తేనెలో గ్లూకోజ్ ఎక్కువో అది తొందరగా పేరుకుంటుంది. ఆవ పువ్వు, పొద్దుతిరుగుడు, పత్తి తేనెలు ఆ కోవలోవి. అమెరికా దక్షిణాన చిత్తడి నేలల్లో టుపెలో అనే చెట్టు ఉంది. దాని తేనె ఏళ్ళు గడిచినా నీళ్ళలాగే ఉంటుంది. రెండూ అసలు తేనెలే.

అనుమానం పుట్టిన చోటికి వద్దాం. అది అమెరికా. 1852లో లాంగ్‌స్ట్రోత్ అనే ఆయన చట్రాలు పైకి తీసి మళ్ళీ పెట్టగలిగే తేనెపెట్టెకి పేటెంట్ తీసుకున్నాడు. 1865లో ఇటలీలో స్థిరపడిన హ్రుష్కా అనే మాజీ సైనికాధికారి, పట్టుని గిరగిరా తిప్పి తేనె తీసే యంత్రం చూపించాడు. వాళ్ళబ్బాయి బుట్టలో తేనెపట్టు ముక్క పెట్టుకుని ఊపుకుంటూ వస్తే అంచుకి తేనె కారడం చూసి ఆ ఆలోచన వచ్చిందని ఒక కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా యంత్రం మాత్రం లోకాన్ని మార్చేసింది. అంతకుముందు జనం తేనెని పట్టుతో సహా కొనేవాళ్ళు. మైనపు గదుల్లో మూత వేసి ఉన్నదాన్ని ఎవరూ అనుమానించరు. ఇప్పుడు తేనె సీసాలోకి వచ్చింది. సీసాలో ఉన్నది తేనే అని ఎలా నమ్మడం?

సరిగ్గా అప్పుడే అక్కడ మొక్కజొన్న పిండి నుంచి చౌకగా తీపి పాకం తీయడం మొదలైంది. చూడ్డానికి తేనెలాగే ఉంటుంది, చిక్కగా, మెరుస్తూ. అది తేనెలో కలపడం పెద్ద వ్యాపారమైంది. 1881లో హార్వే వైలీ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పత్రికలో ఇంకో మాట కూడా రాసేశాడు. మైనం బదులు పారఫిన్‌తో పట్టులు అచ్చుపోసి, వాటిలో ఈ పాకం నింపి అమ్ముతున్నారని. అది సరదాకి రాశానని తర్వాత ఒప్పుకున్నాడు కానీ ఈలోగా పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. పట్టు తేనె మీద కూడా నమ్మకం పోయింది. తేనె రైతులు మండిపడ్డారు. ఒహాయో రాష్ట్రంలో తేనె పరికరాల వ్యాపారం చేసే ఏ.ఐ. రూట్, అలాంటి నకిలీ పట్టు ఎవరైనా తెచ్చి చూపిస్తే వెయ్యి డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. ఎవరూ తేలేదు. తమాషా ఏమిటంటే, అదే వైలీ తర్వాత కల్తీల మీద పోరాడి 1906లో అమెరికాకి ఆహార కల్తీ నిరోధక చట్టం రావడానికి ముఖ్య కారకుడయ్యాడు.

నాకు కావలసిన సంగతి ఈ గొడవలోనే దొరికింది. ఆ రోజుల్లో అమెరికా తేనె రైతులు తమ సీసాల మీద ఏమని అంటించేవాళ్ళో తెలుసా? అసలైన తేనె చలికి గడ్డకడుతుంది, గడ్డకట్టడమే దాని స్వచ్ఛతకి గుర్తు, కావాలంటే సీసాని వేణ్ణీళ్ళలో పెట్టి కరిగించుకోండి అని. ఎందుకంటే మొక్కజొన్న పాకం గడ్డకట్టదు. పేరుకున్న తేనె చూపించి, ఇదిగో చూడండి మేము దొంగలం కాదు అని చెప్పుకునేవాళ్ళు. రష్యాలో ఈనాటికీ అంతే. ఆగస్టులో కొత్త తేనె వస్తే పండుగ చేసుకుంటారు. నడి చలికాలంలో కూడా జారుతూ ఉన్న తేనెని మాత్రం అనుమానంగా చూస్తారు.

అక్కడ స్వచ్ఛతకి సాక్ష్యమైనది ఇక్కడ కల్తీకి సాక్ష్యం ఎలా అయింది? నేను అనుకునేది చెబుతాను. ఏ ఊరి పరీక్ష అయినా ఆ ఊరికి తెలిసిన దొంగని బట్టే పుడుతుంది. వాళ్ళకి తెలిసిన దొంగ మొక్కజొన్న పాకం, అది పేరుకోదు. మనకి తెలిసిన దొంగ పంచదార పాకం, బెల్లప్పాకం. బకెట్టులో పైన ఒక తేనెపట్టు ముక్క, నాలుగు చచ్చిన ఈగలు వేసుకుని "ఇప్పుడే చెట్టు మీంచి దించామమ్మా" అని వీధుల్లో తిరిగేవాళ్ళని మనం అందరం చూసే ఉంటాం. వాళ్ళ దగ్గర కొన్నది నాలుగు రోజులకి అడుగున పంచదారై కూర్చుంటుంది. పాకం పట్టడం తెలిసిన ఏ ఇల్లాలికైనా అది చూడగానే తెలిసిపోతుంది. అలా అడుగున పేరుకుంటే పంచదారే అన్న సూత్రం మనకి స్థిరపడిపోయింది. ఆ దొంగ విషయంలో సూత్రం తప్పు కూడా కాదు. అసలు తేనె కూడా అదే పని చేస్తుందన్న సంగతి మాత్రం మరుగున పడింది.

మరుగున పడడానికి మన ఎండలూ ఒక కారణమే. తేనె అన్నిటికంటే తొందరగా పేరుకునేది 14 డిగ్రీల దగ్గర. 25 డిగ్రీలు దాటాక బాగా నెమ్మదిస్తుంది. రాజమండ్రిలోనో నెల్లూరులోనో వంటింటి అలమరలో ఉన్న తేనెకి ఏడాదిలో ఎన్నాళ్ళు అంత చలి తగులుతుంది? పైగా మన దేశంలో ఒకప్పుడు దొరికినదంతా అడవి తేనె, నీరు ఎక్కువున్నది. పెట్టెల్లో తేనెటీగల పెంపకం ఆలస్యంగా వచ్చింది. 1880లలో డగ్లస్ అనే ఇంగ్లీషు అధికారి ప్రయత్నించి పుస్తకం కూడా రాశాడు. 1911 నుంచి 1917 దాకా న్యూటన్ అనే పాదిరీ తమిళనాడులో మన చిన్న తేనెటీగకి సరిపోయే పెట్టె తయారుచేసి పల్లెవాళ్ళకి నేర్పాడు. 1956లో మన గిరిజన సహకార సంస్థ విశాఖపట్నంలో మొదలై అడవి తేనె కొని ఊళ్ళలో అమ్మడం ప్రారంభించింది. అసలు మలుపు 1962. హిమాచల్‌లోని నగ్రోటాలో యూరప్ తేనెటీగ మన దేశంలో మొదటిసారి నిలదొక్కుకుంది. అక్కడి నుంచి ఉత్తరాది ఆవచేలల్లోకి పెట్టెలు వెళ్ళాయి. తర్వాత మన వైపు కూడా పొద్దుతిరుగుడు పంట వచ్చింది. ఇవన్నీ తొందరగా పేరుకునే తేనెలు. అంటే మన సూత్రం స్థిరపడ్డాక, దాని ముందు తప్పు చేసినట్టు కనబడే అసలు తేనె బజారుకి వచ్చింది.

దీని ఫలితం మా అపార్టుమెంటులోనే చూశాను. మా వాచ్‌మన్ భార్యది పాడేరు వైపు ఊరు. దసరా తర్వాత వాళ్ళ తమ్ముడు తేనె తెస్తే ఏడు ఇళ్ళవాళ్ళం తలా ఒక కిలో, అయిదు వందల చొప్పున తీసుకున్నాం. కొందరు అప్పుడే ఇచ్చారు, కొందరు తర్వాత ఇస్తామన్నారు. సంక్రాంతి నాటికి అన్ని సీసాల్లోనూ తేనె పేరుకుంది. పై అంతస్తు పిన్నిగారు సీసా పట్టుకుని కిందికి దిగి, "మన గేటులో కూర్చుని మనకే పంచదార పాకం అమ్మింది చూశావా అమ్మా" అన్నారు. ఆ అమ్మాయి "మేమేటి కలపలేదమ్మా, చెట్టు మీదది చెట్టు మీదలాగే తెచ్చినాడు మా తమ్ముడు" అని ఒకటే మాట. ఎంతమందికి చెబుతుంది? సాయంత్రానికి ఆ మాట కూడా మానేసింది. నేను పిన్నిగారి సీసానే గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెట్టి, రెండు గంటల తర్వాత చూపించాను. కరిగింది. కరిగినంత మాత్రాన అసలు తేనె అని రుజువు కాదు, ఆ మాట నేనే పిన్నిగారికి చెప్పాను. కానీ పేరుకున్నంత మాత్రాన కల్తీ అని రుజువు కాదు కదా! రుజువు లేనప్పుడు మనిషిని దొంగ అనే హక్కు మనకెక్కడిది? పిన్నిగారు కాసేపు ఆలోచించి సీసా తీసుకెళ్ళిపోయారు, డబ్బులు మర్నాడు పంపించారు. ఇంకొక ఇంటివాళ్ళ అయిదు వందలు మాత్రం ఇప్పటికీ రాలేదు. తేనె అయిపోయింది, డబ్బు రాలేదు.

నీళ్ళలో వేస్తే తీగలా దిగాలి, అగ్గిపుల్ల ముంచి గీస్తే వెలగాలి, కుక్క ముట్టకూడదు, పళ్ళెంలో తిప్పితే ఆరు మూలల గదులు కనబడాలి, ఇలాంటి పరీక్షలు చాలా తిరుగుతుంటాయి. చిక్కటి పాకం ఏదైనా వీటిలో చాలావాటిని నెగ్గేస్తుంది. ఇంట్లో కూర్చుని తేనె స్వచ్ఛత తేల్చడం మన వల్ల అయ్యే పని కాదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్ వాళ్ళు 13 కంపెనీల తేనెని జర్మనీలో ఎన్ఎంఆర్ అనే పరీక్షకి పంపిస్తే 10 కంపెనీలవి తప్పాయి. వాటిలో చాలా కంపెనీల తేనె మన దేశపు పరీక్షల్లో నెగ్గినదే. కంపెనీలు ఆ ఫలితాలు ఒప్పుకోలేదు, అది వేరే కథ. ఇవాళ కలిపే పాకాలు బియ్యం నుంచీ మొక్కజొన్న నుంచీ పరీక్షలకి దొరక్కుండా తయారుచేసినవని వాళ్ళ వాదన. అలాంటి పాకం సీసాలో పేరుకోకుండా ఏళ్ళు ఉండగలదు. మన పాత సూత్రం పట్టుకుని చూస్తే ఈ కొత్త దొంగ దొరలా తప్పించుకుంటాడు, పాడేరు తమ్ముడు దొరికిపోతాడు.

సూపర్ బజారు తేనె మొత్తం కల్తీ అని నేను అనడం లేదు. అసలు తేనెని కూడా పేరుకోకుండా చేసే పద్ధతి వాళ్ళకి ఉంది. 60, 70 డిగ్రీలకి వేడి చేస్తారు, అప్పటికే ఉన్న సన్నటి పలుకులు కరిగిపోతాయి, ఈస్ట్ చచ్చిపోతుంది. తర్వాత సన్నటి వడపోతతో పుప్పొడినీ గాలి బుడగలనీ తీసేస్తారు. పలుకు కట్టడానికి ఆసరా ఏదీ మిగలదు. అద్దంలా మెరుస్తుంది, నెలల తరబడి అలాగే ఉంటుంది. బదులుగా కొంత వాసన, కొన్ని ఎంజైములు పోతాయి. వేడివల్ల, ఎక్కువకాలం నిలవవల్ల హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రాసే కోడెక్స్ వాళ్ళు దానికి కిలోకి 40 మిల్లీగ్రాముల హద్దు పెట్టి, వేడి దేశాల తేనెకి 80 దాకా వెసులుబాటు ఇచ్చారు. తేనె వేడి చేయొద్దని మన ఆయుర్వేదం గట్టిగా చెప్పింది. వాళ్ళ కారణం వేరు, వీళ్ళ లెక్క వేరు. రెండూ కలిపేసి మనవాళ్ళకి అన్నీ ముందే తెలుసు అనడం నాకు నచ్చదు. కానీ తేనె గిన్నె పొయ్యి మీద పెట్టకూడదన్న విషయంలో ఇద్దరి మాటా ఒకటే.

ఇక దాచుకోవడం. గాజు సీసా, బిగుతు మూత, పొడి చెంచా, ఈ మూడూ ముందు. తేనె గాలిలోని తడిని లాక్కుంటుంది కాబట్టి మూత వదులైతే పేరుకోవడం కాదు, పులిసిపోతుంది. పాత తేనె అంటుకుని ఉన్న సీసాలో కొత్తది పోయకండి. అడుగున మిగిలిన పలుకులు పెరుగు గిన్నెలో మిగిలిన తోడులాగా పనిచేసి కొత్త తేనెని కూడా పేరుస్తాయి. సీసా కడిగి, ఎండలో బాగా ఆరాకే పోయాలి. అడవి తేనె అయితే పల్చటి గుడ్డలో వడకట్టి మైనం ముక్కలు తీసేస్తే కొన్నాళ్ళు ఎక్కువ నిలుస్తుంది. ఫ్రిజ్ తలుపులో మాత్రం పెట్టొద్దు. మాటిమాటికీ తీసే చోటు కాబట్టి తేనె పేరుకోవడానికి అనువైన చలి దానికి అక్కడే దొరుకుతుంది. వంటింట్లో పొయ్యికి దూరంగా, ఎండ పడని అలమర చాలు. నిజంగా నెలల తరబడి పేరుకోకూడదనుకుంటే డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. అంత చలిలో తేనె బిగుసుకుపోతుంది కానీ పలుకు కట్టే కదలిక దానికి ఉండదు.

పేరుకున్నాక కరిగించాలంటే చెయ్యి పెట్టి ఉంచగలిగినంత వేడి నీళ్ళు, దాదాపు 40 డిగ్రీలు. నీళ్ళు చల్లారితే మార్చుకుంటూ రెండు మూడు గంటలు ఓపిక పట్టాలి. సగం పేరుకుని సగం పైన తేలిన తేనెని మాత్రం అలా వదిలేయకండి. గ్లూకోజ్ పలుకు కట్టేటప్పుడు తనతో కొద్ది నీటినే తీసుకుంటుంది కాబట్టి పైన మిగిలినది ఇంకా పల్చనవుతుంది. కోడెక్స్ తేనెలో నీళ్ళు 20 శాతం దాటకూడదన్నది. పై పొర ఆ హద్దు దాటితే ఈస్ట్ లేచి పులుస్తుంది. పొడి చెంచాతో అడుగు నుంచి కలిపేసి ముందు దాన్ని వాడేసుకోవాలి.

పేరుకోవడాన్ని ఆపకుండా, దాన్ని దారిలో పెట్టినవాడు ఒకడున్నాడు. కెనడాలో చలి ఎక్కువ, అక్కడి తేనె ఎలాగూ గట్టిపడుతుంది. కానీ ముతక పలుకులుగా, నోట్లో గరగరలాడుతూ. ఎల్టన్ డైస్ అనే శాస్త్రవేత్త దీని మీద పరిశోధించి 1935లో ఒక పద్ధతికి పేటెంట్ పొందాడు. తేనెని వేడి చేసి వడకట్టి, చల్లార్చి, అందులో నూరినట్టు సన్నగా పేరుకున్న పాత తేనె పదో వంతు దాకా కలిపి, 14 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచడం. కొత్త తేనె కూడా ఆ సన్నటి పలుకుల్నే చూసి అలాగే కడుతుంది. వెన్నలా రొట్టె మీద రాసుకునే తేనె అయింది. చదివినప్పుడు నవ్వొచ్చింది, మనం రోజూ రాత్రి పాలకి చేసే పనే కదా ఇది!

మా ఇంట్లో వేడి చేయడం మానేసి మిగతాది చేసి చూశాను. సన్నగా పేరుకున్న తేనె రెండు చెంచాలు కల్వంలో మెత్తగా నూరి, పావు కిలో పల్చటి తేనెలో నెమ్మదిగా, నురగ రాకుండా కలిపాను. చిన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టి, పది రోజులు దాని జోలికి పోలేదు. తీసేసరికి లేత పసుపు రంగులో, పూసలేని వెన్నలా ఉంది. వేడి చపాతీ మీద రాస్తే కారదు, పిల్లల చేతులకి అంటదు. అందులోంచి రెండు చెంచాలు తీసి పక్కన పెట్టుకున్నాను, వచ్చేసారికి తోడు.